ముంజంత మెత్తన

నూకరత్నాన్ని చంపింది డాక్టర్ హైమవతి. గవరయ్య ఈ మాట మూడేళ్లుగా చెబుతున్నాడు. కోపంగా చెప్పడు, ఏడుస్తూ చెప్పడు. ఇవాళ బుధవారం అన్నట్టు చెబుతాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాడు, ఒకసారి డాక్టర్ హైమవతికే మొహం మీద చెప్పాడు. ఆవిడ కాదనలేదు. చేతిలో కాగితాలు సర్దుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

ఇద్దరూ పనిచేసేది ఒకే చోట. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా, ఎర్రమట్టి గుట్ట మీద ఉంది ఆ పరిశోధనశాల. అక్కడ నెత్తురు పండిస్తారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అలాగే అంటారు. మనిషి ఎముకలోని మూలుగలో నెత్తురుకి విత్తుల్లాంటి కణాలుంటాయి. వాటిని సూదితో తీసి, వెచ్చటి పెట్టెలో, జెల్లు మీద పెంచి, మూలుగ ఎండిపోయిన మనిషికి ఎక్కిస్తారు. ఎక్కించిన విత్తులు దారి అడగకుండా ఎముకల్లోకి చేరి వేరు పట్టుకుంటాయి.

అంతా ఆ జెల్లులోనే ఉంది. చూడబోతే అది నీళ్లే. నీళ్లు కారిపోకుండా పట్టుకున్న సన్నటి పోగుల వల, అంతే. ఆ వల గట్టిగా ఉంటే విత్తులు కంగారు పడి, ఒక్కటి మిగలకుండా అన్నీ నెత్తురైపోయి, వారం తిరక్కుండా ఖాళీ అవుతాయి. మరీ మెత్తగా ఉంటే నిద్రలోకి జారుకుని ఇంక లేవవు. సరిగ్గా మూలుగ ఎంత మెత్తనో అంత మెత్తగా కుదిరితే, అవి సగం నిద్రలో సగం మెలకువలో ఉంటాయి. అప్పుడు ఒక్కోటీ రెండవుతుంది. ఒకటి నెత్తురు కావడానికి వెళ్తుంది. రెండోది విత్తుగానే ఉండిపోతుంది.

గవరయ్య చదువు ఏడో తరగతి. ముప్పై రెండో ఏడు వచ్చేదాకా తాటిచెట్లెక్కాడు. ఒక ముసురు రోజున మట్ట జారి కింద పడ్డాడు. తుంటి విరిగింది. కుంటికాలికి చెట్టు దక్కదు గనక ఈ గుట్ట మీద గాజుపాత్రలు కడిగే పనిలో చేరాడు. జెల్లును అతను మొదటిసారి ముట్టుకున్నది పారబోయడానికే. పారబోస్తూ బొటనవేలితో ఒత్తాడు. ఏళ్ల తరబడి తాటికాయ కంట్లో వేలు పెట్టి ముంజ తీసిన వేలు అది. "ముదిరిపోనాదిది," అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. గట్టిదనం కొలిచే మీటరు అంతా బాగానే ఉందంది. వారానికి ఆ విడత పోసిన పోతలో పెట్టిన విత్తులన్నీ ఖాళీ అయ్యాయి. అలా నాలుగుసార్లు జరిగాక డాక్టర్ హైమవతి మీటరు చూసి, ఆ తరువాత గవరయ్య వైపు చూడటం మొదలుపెట్టింది. చేతికి తొడుగు వేసి, పళ్లెం మీద పల్చటి పొర కప్పి ఒత్తమనేది. లేత, కుదిరింది, ముదురు. అతను చెప్పే మాటలు మూడే.

తరువాత ఇంకో సంగతి బయటపడింది. అతను ఒత్తిన పళ్లేల్లో విత్తులు ఎక్కువగా పెరుగుతున్నాయి. దాంతో అదే పద్ధతైపోయింది. తూర్పున వెలుగు పడే వేళకు, ఒకప్పుడు చెట్టెక్కిన వేళకు, గవరయ్య పెట్టెలు తెరిచి పళ్లేలన్నిటినీ ఒక్కొక్కసారి ఒత్తేవాడు. ఆ విత్తులు ఎక్కించుకున్నవాళ్లు పదిహేడుమంది. రాజాంలో ఒకడు, రాయగడలో ఒకామె, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో. ఒకరి మొహం ఒకరు ఎరగరు. పదిహేడుమందికీ వెలుగు పడే వేళకు మెలకువ వచ్చేస్తోందని కబురు వచ్చింది. ఒళ్లంతా పోటు మీదున్న సముద్రంలా ఉంటుందట ఆ కాసేపూ. విత్తులకు ఆ వేలి వేళ గుర్తుండిపోయిందని డాక్టరమ్మ అంది. గవరయ్య ఆ రోజు ఇంటికి వెళ్లి భార్య నూకరత్నంతో చెప్పాడు. ఆమె నవ్వి, మరి నాకెందుకు మెలకువ రాదు మావా, నువ్వు లేపితే గాని లేవను గదా అంది.

వేలి పని నిజానికి రత్నానిదే. అతను ఎక్కేవాడు, ఆమె ఒత్తేది. తగరపువలస కూడలిలో గంప పెట్టుకుని కూర్చుంటే, కాయ చెక్కకుండానే పైనుంచి నొక్కి లోపలి ముంజ ఎలాంటిదో చెప్పేది. గవరయ్యకి నేర్పింది ఆమే.

ఆ రత్నం ఒంటి మీద నల్లమచ్చలు పడ్డాయి. ఎవరో గిల్లినట్టు ఉండేవి. పళ్లు తోముకుంటే నెత్తురు ఆగేది కాదు. మూలుగ ఎండిపోతోందన్నారు. ఇంకా మిగిలిన నాలుగు విత్తులూ తీసి గుట్ట మీద జెల్లులో పెట్టారు. గవరయ్య రోజూ ఒత్తాడు. అవి పెరిగాయి. ఇంక ఆఖరి పని మిగిలింది. మనిషికి ఎక్కించే ముందు విత్తుల్ని కొత్త జెల్లు మీదికి మారుస్తారు. అది మెల్లగా బిగుసుకుని సరిగ్గా కుదిరేసరికి విత్తులు మేలుకుంటాయి. అప్పుడే తీసేయాలి.

గవరయ్య ఆ పోతలో మిగిలిన ముక్క ఒకటి కారియరు మూతలో పెట్టుకుని, పక్కనే ఉన్న ఆసుపత్రిలో రత్నం మంచం దగ్గరికి తీసుకెళ్లాడు. రత్నం కళ్లు మూసుకుని ఒత్తింది.

"కుదిరినాది మావా. రేపు పొద్దున్న తీసీమను," అంది.

మీటరు మాత్రం ఇంకా కాలేదంది. డాక్టర్ హైమవతి కాగితం ముందుకి లాక్కుంది. "మనిషికి ఎక్కించేదానికి వేలి మాట కాగితం మీద రాయలేను గవరయ్యగారూ. అంకె రావాలి," అంది. అంకె ఆ తరువాత పదకొండో రోజున వచ్చింది. రత్నం తొమ్మిదో రోజునే జ్వరంతో పోయింది.

మీటరు తప్పు చూపిస్తోందని నెల తరువాత తెలిసింది. ఆ సంగతి డాక్టర్ హైమవతే గవరయ్యని పిలిచి చెప్పింది. దాచుకోలేదు. అతను విని, సరేనని, గాజుపాత్రలు కడగడానికి వెళ్లిపోయాడు.

పోయినవాళ్ల విత్తుల్ని ఆ రోజే కాల్చేయాలని అక్కడి నియమం. రత్నం విత్తులున్న పళ్లెం పట్టుకుని కొలిమి గది దాకా నడిచింది గవరయ్యే. కాల్చేశానని వచ్చి చెప్పిందీ అతనే. పళ్లెం మాత్రం నాలుగో పెట్టెలో అడుగు అరలో, నీళ్ల తొట్టి వెనక్కి చేరింది.

అప్పటి నుంచి ప్రతి తెల్లవారుజామునా ఆ పెట్టె అతనికి ఇల్లయ్యింది. తలుపు తీస్తే వెచ్చటి ఊపిరి మొహానికి తగిలేది. కిటికీ అవతల సముద్రం ఇంకా రంగు తేలకుండా పడుకుని ఉండేది. పళ్లెంలో లేత గులాబి చాయ, లోపల ఎక్కడో చిన్న చిన్న మసకలు. ఒత్తితే వేలి కింద అది ఒక్క క్షణం ఆగి, మళ్లీ మెల్లగా పైకి లేచేది, నిద్రలో పక్కకి ఒత్తిగిలే మనిషి భుజంలా. గవరయ్య అక్కడ నిలబడి రాత్రి పడిన వాన సంగతీ, తలుపు గడియ ఊడిపోయిన సంగతీ చెప్పేవాడు. చెబుతూ ఉంటే గదిలో తాటాకు చాప వాసన వచ్చేది. ఎవరో జుట్టు విదిలించి ముడేసుకున్న చప్పుడు వినిపించేది. వెనక్కి తిరిగి చూడటం అతనికి ఇష్టం ఉండేది కాదు. చూస్తే ఉండదని తెలుసు.

మూడో ఏడు తుపానొచ్చింది. కరెంటు పోయింది. మధ్యాహ్నానికి జనరేటరూ ఆగిపోయింది. పెట్టెలు చల్లబడుతున్నాయని పరిగెత్తుకొచ్చిన డాక్టర్ హైమవతికి గవరయ్య నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని కనిపించాడు. చొక్కా లోపల కడుపుకి పళ్లెం ఒకటి హత్తుకుని ఉన్నాడు. ఎవరిదని అడిగింది.

"మా ఇంటిది," అన్నాడు.

ఆవిడ అతని పక్కనే తడి నేల మీద కూర్చుంది. మూడేళ్లా, అని మాత్రం అడిగింది. ఏ విత్తులూ అక్కడ మూడు నెలలు దాటి బతకలేదు. తరువాత ఆ పళ్లెంలోంచి ఆవగింజంత తీసుకుని పరీక్షలు చేసింది. నిజంగానే ఒక వింత జరిగింది. అన్నాళ్లు మెత్తటి చోట పడి ఉన్న విత్తులు, ఇది ఫలానా మనిషిది అని చెప్పే గుర్తులన్నీ రాల్చేసుకున్నాయి. ఇప్పుడవి ఎవరికి ఎక్కించినా ఒళ్లు పరాయివని తిప్పికొట్టదు. ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పళ్లెం గురించీ చెప్పలేదు. ఆ అరలో నీళ్ల తొట్టిని తానే కొంచెం ముందుకి జరిపింది. గవరయ్య అది చూశాడు. చూసినా ఆ వారం టీ కొట్టు దగ్గర తన మాట తాను చెప్పాడు.

ఆ మాఘమాసంలో పొందూరు నుంచి గౌరీశ్వరి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. వెంట తల్లి కాంతమ్మ తప్ప ఎవరూ లేరు. తల్లీకూతుళ్లు సన్న నూలు వడుకుతారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, కంటికి ఆనీ ఆనని పోగు తీస్తారు. గౌరీశ్వరి తీసిన పోగు వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తేగాని కనిపించదని కాంతమ్మ వార్డులో అందరికీ చెప్పుకునేది. ఆ పిల్ల మూలుగలో పెంచడానికి ఒక్క విత్తు కూడా మిగల్లేదు. సరిపోయే దాతా దొరకలేదు.

డాక్టర్ హైమవతి గవరయ్యని తన గదికి పిలవలేదు. తానే నాలుగో పెట్టె దగ్గరికి వచ్చి నిలబడింది. పళ్లెంలో ఉన్నదంతా పడుతుందని, ఒక్క చుక్క కూడా మిగలదని ముందే చెప్పింది. గుంపుగా ఉంటేనే అవి బతుకుతాయి, కొన్ని ఉంచుకుందామంటే ఉంచినవీ పోతాయి, ఇచ్చినవీ చాలవు అంది. ఇంక బతిమాలలేదు.

గవరయ్య వార్డుకి వెళ్లి గౌరీశ్వరిని చూశాడు. ఆ పిల్ల దిండుకి ఆనుకుని కూర్చుని పత్తి దువ్వుతోంది. చేతుల మీద నల్లమచ్చలున్నాయి.

"నువ్వేనా బాబాయ్, జెల్లు కాడ ఉంటావంట," అంది. "మా యమ్మ నీ కాళ్లట్టుకుంటానంటంది. తప్పించుకుని తిరుగు. ఒకసారట్టుకుంటే వొదల్దు."

అతనికి నవ్వొచ్చినంత పనైంది. తిరిగొచ్చి, తీసుకోండి అన్నాడు.

ఆదివారం విత్తుల్ని కొత్త జెల్లు మీదికి మార్చారు. సోమవారం వెలుగు పడే వేళకు గవరయ్య తొడుగు వేసుకుని ఒత్తాడు. వేలి కింద అది ఆగింది, లేచింది. రత్నం తగరపువలస కూడలిలో కాయ నొక్కి, ఇదిగో ఇదీ అని అతని చేతిలో పెట్టే ముంజ. అటు వెంట్రుకవాసి లేదు, ఇటు వెంట్రుకవాసి లేదు. లోపల మసకలు ఒక్కొక్కటే మేలుకుంటున్నాయి. చాప మీంచి ఎవరో లేచి కూర్చున్నట్టయింది. లేచి, చీర సర్దుకుని, వాకిట్లోకి వెళ్లడానికి చూస్తున్నట్టయింది.

పక్కన డాక్టర్ హైమవతి అడిగింది, ఎలా ఉంది అని.

"ఇంకా లేతే," అన్నాడు గవరయ్య.

అనాలని అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోనూ లేదు. ఒక్క రోజు, అనుకున్నాడు. ఒక్క తెల్లవారుజాము.

బల్ల మీద మీటరు వెలుగుతోంది. అది బాగుచేసిన మీటరు. డాక్టర్ హైమవతి దాని అంకె చూసింది. చూసి, అలమారలోంచి గుడ్డ తీసి దాని మీద కప్పేసింది. ఒకసారి దీని మాట విన్నాను, ఇంక మీ వేలు ఎంత చెబితే అంతే అంది.  గవరయ్య కిటికీ వైపు తిరిగాడు.

మంగళవారం లేత అన్నాడు. బుధవారం లేత అన్నాడు. ఆ రోజుల్లో అతనికి భూమి మీద కాలు ఆననట్టు ఉండేది. మెలకువలోనే కలలొచ్చేవి. రత్నం గుమ్మంలో నిలబడి ఉండేది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వెళ్లనా మావా అనేది. ఉండు, ఎండ తగ్గనీ అనేవాడు. ఏం ఎండ మావా, ఇంకా తెల్లారలేదు గదా అనేది. గురువారం కాంతమ్మ మెట్ల మీద ఎదురుపడి, ఎప్పుడు బాబూ అని అడిగింది. తొందరపడితే పాడైపోతాదమ్మా అన్నాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. శుక్రవారం జెల్లు ఒత్తే ముందే అతని నోట్లో మాట సిద్ధంగా ఉంది.

శనివారం పొద్దున్న అతను బట్టలు మార్చుకుంటూ ఉండగా వార్డు నుంచి కాంతమ్మ వచ్చింది. చెప్పుల్లేవు. కొంగు నేల మీద ఈడుస్తోంది. ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతుంటే గౌరీశ్వరి లేచి కూర్చుని, దీపం ఎందుకు పెట్టలేదే అమ్మా అని అడిగిందట.

గవరయ్య కుంటికాలితో ఆ గుట్ట మీద పరిగెత్తాడు. పెట్టె తెరిచి ఒత్తకుండానే, కుదిరినాది, తీసీండి అన్నాడు.

గంటలో ఎక్కించారు. విత్తులు ఎముకల్లో వేరు పట్టాయి. మూడో రోజుకే గౌరీశ్వరి నెత్తురు తనంతట తాను పెరగడం మొదలుపెట్టింది. మచ్చలు మానాయి. చెంపల్లోకి రంగొచ్చింది. కళ్లు మాత్రం రాలేదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయిన రోజుల్లో, ఆ శుక్రవారం రాత్రికి, రెండు కళ్ల వెనకా నెత్తురు దిగింది. అది ఇంకిపోయాక కూడా వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. నాలుగు రోజుల ముందు ఎక్కించి ఉంటే ఇలా అయ్యేది కాదేమో అని కళ్ల డాక్టరు ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు.

వెళ్లిపోయే రోజున కాంతమ్మ అన్నంత పనీ చేసింది. గవరయ్య కాళ్లు పట్టుకుని వదల్లేదు. నా పిల్ల ప్రాణం నిలబెట్టావు బాబూ అంది. అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు.

నాలుగో పెట్టె అడుగు అర ఖాళీ. గవరయ్య ఇప్పటికీ తెల్లవారుజామున వచ్చి మిగతా పళ్లేలు ఒత్తుతున్నాడు. లేత, కుదిరింది, ముదురు. గది గదిలాగే ఉంటోంది. చాప వాసన రావడం లేదు. టీ కొట్టువాడు ఒకరోజు, ఈ మధ్య డాక్టరమ్మ మాట ఎత్తడం లేదేటి అని అడిగాడు. గవరయ్య గ్లాసు అక్కడ పెట్టేసి వచ్చేశాడు.

వానలు తగ్గాక పరీక్షలకని తల్లి గౌరీశ్వరిని తీసుకొచ్చింది. వరండా బల్ల మీద కూర్చోబెట్టి చీటీ రాయించడానికి వెళ్లింది. గవరయ్య పక్కనుంచి పోబోతే, కుంటి అడుగు చప్పుడు పట్టి ఆ పిల్ల ఆపింది. ఇప్పుడు వేళ్లతోనే పోగు తీస్తున్నానని, ముతకగా వస్తోందని, ఏడాదికి సన్నబడుతుందని చెప్పింది. తెల్లారేసరికి ఒళ్లంతా వెచ్చగా పొంగి మెలకువ వచ్చేస్తోందని చెప్పింది. అప్పుడు అడిగింది.

"నా ఒంట్లో ఉన్న నెత్తురు మీ ఇంటామెదంట గదా బాబాయ్, డాక్టరమ్మ సెప్పినాది. పొద్దున్నే లేపెత్తాది. ఎలాటి మనిషో నాకు సెప్పవా?"

గవరయ్య నోరు తెరిచేలోగా లోపల్నుంచి డాక్టర్ హైమవతి పిలిచింది. ఇప్పుడే వస్తానని వెళ్లాడు.

ఆవిడ తలుపు వేసింది. బల్ల మీద మీటరు ఉంది, గుడ్డ లేదు. కప్పి ఉంచినా అది ఆ ఆరు రోజులూ తన పని తాను చేసుకుపోయిందని, ఆ అంకెలు తాను నిన్ననే చూశానని చెప్పింది. సోమవారం నుంచి శనివారం దాకా ఒకే అంకె. తాను ఎవరికీ చూపించలేదంది. చూపించదలచుకోలేదంది. అతని మొహంలోకి చూడకుండా, మెల్లగా, దారి ఇస్తున్నట్టు అడిగింది.

"మీ వేలు పొరబడిందా గవరయ్యగారూ? వయసు మీద పడుతుంటే స్పర్శ తగ్గుతుంది. అలా జరగొచ్చు."

అవునంటే సరిపోయేది. కిటికీ అవతల సముద్రం వెలుగుతోంది. గవరయ్య బొటనవేలు మీటరు పక్కన బల్ల మీద ఆనించాడు.

"నా ఏలు ఎప్పుడూ తప్పు సెప్పనేదు డాక్టరమ్మా," అన్నాడు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఇద్దరి మధ్యా మీటరు సన్నగా మోగుతోంది. ఏదో అనబోయింది. గవరయ్య చెయ్యి అడ్డం పెట్టి, ఈ మాట ఇక్కడితో సరి అన్నాడు. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాడు.

గౌరీశ్వరి అడుగుల చప్పుడు విని మొహం ఇటు తిప్పింది. మీద ఎండ పడుతోంది. చెంపలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి.

"వొచ్చావా బాబాయ్. సెప్పు మరి."

"ఏటీ నేదమ్మా," అన్నాడు గవరయ్య. "ఆ మనిషి మాట నాకాడ ఎత్తొద్దు. సెప్పే మొగం నాకు నేదు. నీకనే కాదు. ఇంక ఎవరికీ సెప్పను."

చెప్పలేదు కూడా.